స్టేజికి లిసియాంథస్, జడకు జిజాన్ మల్లె, పన్నీటికి తాయిఫ్ గులాబీ

రాత్రి తొమ్మిదింటికి వలీమా. స్టేజి డెకరేషన్ మధ్యాహ్నానికే పూర్తయింది. సాయంత్రం అయిదింటికి వెళ్లి చూస్తే గులాబీలు మెడలు వాల్చేశాయి. జిద్దాలోనో మక్కాలోనో ఫంక్షన్ చేసిన మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇది తెలిసిన బాధే. పూలకు పెట్టిన రియాళ్లు పోతే పోయాయనుకోవచ్చు. వీసా దొరక్క రాలేకపోయిన అమ్మమ్మకు పంపాల్సిన ఫోటోలు మాత్రం మళ్లీ తీయలేం.

ఇక్కడి పూల దుకాణాల్లో దొరికే గులాబీల్లో చాలా వరకు కెన్యా, ఇథియోపియా, నెదర్లాండ్స్ వంటి దేశాల నుంచి విమానాల్లో వస్తాయి. కోసిన తోట నుంచి ప్యాకింగ్, విమానం, గోదాం దాటి దుకాణం చేరేసరికి వాటి ఆయుష్షులో కొంత దారిలోనే ఖర్చయిపోతుంది. అందుకే దగ్గరలో పండిన పువ్వు కావాలని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. మంచి ఆలోచనే. అయితే దగ్గరలో పండినంత మాత్రాన ప్రతి పువ్వూ ప్రతి పనికీ పనికిరాదు.

ముళ్లు లేని 'గులాబీ'

బొకేల్లో, స్టేజి డెకరేషన్లలో ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తున్న పువ్వు లిసియాంథస్. తెలుపు, లేత గులాబీ, ఊదా, లేత ఆకుపచ్చ రంగుల్లో ఉంటుంది. దూరం నుంచి చూస్తే గులాబీయే అనుకుంటాం. దగ్గరికెళ్తే ముళ్లుండవు, వాసన దాదాపు ఉండదు, రేకులు పట్టుబట్టలా పలచగా ఉంటాయి. ఒక్కో కాడకు కొమ్మలు చీలి నాలుగైదు పూలు, కొన్ని మొగ్గలు ఉంటాయి కాబట్టి తక్కువ కాడలతోనే నిండుగా కనిపిస్తుంది.

దీని పుట్టిల్లు అమెరికా దక్షిణ రాష్ట్రాలు, ఉత్తర మెక్సికోలోని గడ్డిమైదానాలు. ఆ అడవి పువ్వును జపాన్ వాళ్లు 1930ల నుంచి పెంచి, ఎంపిక చేసి, ముద్దగా పూసే రకాలుగా మార్చారు. తాజాగా కోసినదైతే శుభ్రమైన నీటిలో, చల్లని గదిలో పది రోజుల నుంచి రెండు వారాల దాకా నిలుస్తుంది. మెహందీ రోజు పెట్టిన పువ్వు వలీమా రోజుకీ నిలబడాలంటే ఇంతకన్నా ఏం కావాలి?

ఇక్కడ ఎందుకు కష్టం?

మరి ఇంత మంచి పువ్వును జిద్దాలో ఎవరూ విరివిగా పండించరేం? కారణం మొక్క చిన్నతనంలో ఉంది. లిసియాంథస్ విత్తనం దుమ్ములా ఉంటుంది. ఒక గ్రాములో దాదాపు 20 వేల విత్తనాలు. మొలవడానికే పది రోజులకు పైగా పడుతుంది, పూయడానికి అయిదారు నెలలు. నారు దశలో వేడి తగిలితే మొక్క కాడ వేయడం మానేస్తుంది. నేలకు అతుక్కుని ఆకుల గుత్తిలా నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. చావదు, పూయదు. బాల్కనీలో విత్తనాలు చల్లి ఎదురుచూసిన వాళ్లకు చాలాసార్లు మిగిలేది ఆ ఆకులే.

గ్రీన్‌హౌస్ వేసి చల్లబరచవచ్చు కదా అంటారేమో. తడి ప్యాడ్ల మీదుగా గాలిని లాగి చల్లబరిచే పద్ధతి మన ఎయిర్ కూలర్ లాంటిదే. మే నెలలో హైదరాబాద్‌లో కూలర్ హాయిగా పనిచేస్తుంది, విశాఖలో చెమట తప్ప ఏమీ మిగలదు. గాలిలో తేమ ఉంటే నీరు ఆవిరి కాదు, చల్లదనం రాదు. సముద్రం పక్కనున్న జిద్దాది విశాఖ పరిస్థితే. పొడిగాలి ఉన్న చోట, ఎత్తైన చోట ఈ పని తేలిక. సౌదీలో కోత పూలకు పేరున్న తబూక్ ఉత్తరాన, చలికాలం బాగా చల్లబడే చోట ఉండటం యాదృచ్ఛికం కాదు. మక్కా ప్రాంతంలోనే చూస్తే సుమారు 1,800 మీటర్ల ఎత్తునున్న తాయిఫ్‌కు ఆ చల్లదనం ఉంది.

తాయిఫ్ గులాబీ వాజులో ఎందుకు నిలవదు?

తాయిఫ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది గులాబీ. మక్కా నుంచి అల్ హదా ఘాట్ రోడ్డెక్కితే గంటన్నరలో ఆ తోటల్లో ఉంటాం. "పక్కనే ఇంత గులాబీ ఉండగా కెన్యా నుంచి ఎందుకు?" అని అడగడం సహజం.

తాయిఫ్ గులాబీ అత్తరు కోసం పెంచే జాతి. మార్చి నుంచి ఏప్రిల్ చివరి దాకా, దాదాపు నలభై అయిదు రోజులే పూస్తుంది. కాడ పొట్టి, రేకులు వదులు. కోసిన మర్నాటికే రాలిపోతుంది. ఎండెక్కితే సువాసన నూనె ఆవిరైపోతుందని తెల్లవారుజామునే కోసి, అదే రోజు బట్టీలకెక్కిస్తారు. ఒక తులం, అంటే సుమారు 11.7 గ్రాముల అత్తరుకు పది వేలకు పైగా పూలు కావాలి. ఈ గులాబీ చుట్టూ అల్లుకున్న ఆచారాలను, పనితనాన్ని 2024లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

కాబట్టి స్టేజి మీద దీన్ని నిలబెట్టాలని చూడకండి. మన పెళ్లిళ్లలో దీనికి తగిన చోటు ముందే ఉంది. అదే పన్నీటి బుడ్డి. గుమ్మంలో అతిథుల మీద చల్లే పన్నీరు తాయిఫ్‌దైతే ఆ వాసన ఇంకెక్కడా దొరకదు. ఉమ్రాకు వచ్చి ఇంకా ఇహ్రాంలోనే ఉన్న పెద్దలుంటే మాత్రం వారి మీద చల్లకండి. ఇహ్రాంలో సుగంధం కూడదు.

జడలోకి ఏది?

లిసియాంథస్ జడలోకి పనికిరాదు. రేకులు నలిగితే వెంటనే మచ్చపడతాయి, దారానికి గుచ్చితే నిలవదు. అందుకు మల్లె ఉండనే ఉంది. అరబ్బీలో 'ఫుల్' అంటారు. దక్షిణాన జిజాన్ ప్రాంతం దీనికి పెట్టింది పేరు. అక్కడి పెళ్లిళ్లలో ఆడవాళ్లు తలలో, మెడలో ఈ మల్లెల మాలలే వేసుకుంటారు. ఫుల్ అని అడిగితే దొరికేది మన మల్లెపువ్వే.

కొనేటప్పుడు, తెచ్చాక

దుకాణంలో లిసియాంథస్ ఎక్కడిదో అడగండి. ఇక్కడిది కావచ్చు, దిగుమతిదీ కావచ్చు. దానికన్నా ముఖ్యంగా ఎప్పుడు కోశారో అడగండి. ఒకటి రెండు పూలు విచ్చుకుని, మిగతా మొగ్గలకు రంగు దిగిన కాడలు తీసుకోండి. గట్టిగా, పచ్చగా ఉన్న మొగ్గలు ఇంట్లో విచ్చుకోవు. కాడ అడుగున జిగురుగా ఉంటే వదిలేయండి.

ఫంక్షన్‌కు ఒక రోజు ముందు తెచ్చుకుంటే చాలు. కాడ చివర రెండు సెంటీమీటర్లు ఏటవాలుగా కోసి, నీటిలో మునిగే ఆకులు తీసేసి, శుభ్రంగా కడిగిన బకెట్లో పెట్టండి. దుకాణంలో ఇచ్చే పూల పొడి ప్యాకెట్ నీళ్లలో కలపండి. నీళ్లు రోజూ మార్చండి. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. పండిన అరటిపళ్లు, మామిడిపళ్లు ఉన్న గదిలో పెట్టకండి. వాటి నుంచి వచ్చే వాయువుకు పూలు త్వరగా వాడిపోతాయి.

మన ఇళ్లలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మల్లెదండ మీద నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టడం మనకు అలవాటు. లిసియాంథస్ మీద అలా చిలకరిస్తే రేకుల మీద బూజు మచ్చలు వస్తాయి. దానికి నీళ్లు కాడకే ఇవ్వాలి, రేకులు పొడిగా ఉండాలి.

డెకరేషన్ వాళ్లతో మాట్లాడేటప్పుడు "మంచి పూలు పెట్టండి" అని వదిలేయకండి. ఏ పువ్వు ఎక్కడ పెడతారో, ఏ రోజు కోసినవి తెస్తారో, హాల్లో ఎన్నింటికి పెడతారో మూడూ అడిగి రాయించుకోండి. వాళ్లకూ పని తేలికవుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఫోటోగ్రాఫర్ వచ్చేసరికి స్టేజి మీద పూలూ తలెత్తుకునే ఉంటాయి.