బురద మడికి ఏ చక్రం?



నాట్లకు ముందు మడిని దమ్ము చేయాలి. ఒకప్పుడు ఎడ్లతో చేసేవాళ్లం. ఇప్పుడు ట్రాక్టరు వస్తుంది. కిరాయి గంట లెక్కన కడతాం. ట్రాక్టరు బురదలో దిగబడితే గంటలు పోతాయి, పైసలు పోతాయి. ఒక్కోసారి మనిషి ప్రాణమే పోతుంది. అందుకే ట్రాక్టరుకు ఏ చక్రం వేయాలో మనకూ తెలియాలి.

"ట్రాక్టరు సంగతి మగవాళ్లు చూసుకుంటారు, మనకెందుకు?" అంటారా? మడిలో వంగి నాటు వేసేది ఎవరు? మనమే. ఏ మూల కాలు ఎంత దిగుతుందో మనకే ఎరుక. చక్రం ఎంచుకోవడానికి కావలసింది ఆ లెక్కే.

చక్రం ఎందుకు జారుతుంది?

ట్రాక్టరు చాలా బరువు. ఆ బరువులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీద పడుతుంది. టైరుకు గట్లు గట్లుగా పళ్లు ఉంటాయి. గట్టి నేలను అవి పట్టుకుంటాయి. బురదలో ఆ పళ్ల సందులు మట్టితో నిండిపోతాయి. అప్పుడు టైరు నున్నగా అవుతుంది. తిరుగుతుంది కాని ముందుకు పోదు. తిరిగిన కొద్దీ గుంత తవ్వుకుని ఇంకా దిగబడుతుంది.

చలి దేశాలలో మంచు కురుస్తుంది. అక్కడ మంచు మీద జారకుండా టైరు చుట్టూ ఇనుప గొలుసులు చుడతారు. మన యాసంగి నాట్లు కూడా చలికాలంలోనే. కాని మనకు మంచు లేదు, బురద ఉంది. అక్కడ గొలుసు చేసే పని ఇక్కడ ఇనుప చక్రం చేస్తుంది. దీన్నే కేజ్‌వీల్ అంటారు. గుండ్రని ఇనుప కడ్డీల మీద అడ్డంగా ఇనుప పట్టీలు ఉంటాయి. అది వెడల్పుగా ఉంటుంది. అందుకే తక్కువ దిగుతుంది. పట్టీలు బురదను వెనక్కి నెట్టి బండిని ముందుకు నడుపుతాయి.

రెండు రకాలు

మొదటిది ఫుల్ వీల్. గాలి టైరు తీసేసి ఆ చోట దీన్ని బిగిస్తారు.
రెండోది హాఫ్ వీల్. టైరు అట్లనే ఉంటుంది. దాని పక్కన దీన్ని బిగిస్తారు.

ఏది ఎప్పుడు? మీ కాలే కొలత.

కాలు చీలమండ దాకా దిగి, కింద గట్టి నేల తగిలితే మంచి పళ్లున్న గాలి టైర్లు చాలవచ్చు.
పిక్క దాకా దిగితే హాఫ్ వీల్ మేలు.
మోకాలి దాకా దిగినా గట్టి నేల తగలకపోతే ఫుల్ వీల్ కావాలి. అటువంటి మడికి బరువైన బండి వద్దు. తేలిక బండినే పిలవాలి.

ఇది అంచనా మాత్రమే. డ్రైవరుతో మాట్లాడి తేల్చుకోవాలి. ఎర్ర చెల్కలో కాలు తక్కువ దిగుతుంది. నల్లరేగడిలో ఎక్కువ దిగుతుంది. రావిర్యాల చెరువు వంటి పెద్ద చెరువు కింది మడి అయినా, బోరు కింది మడి అయినా, ఊట ఉన్న మూలను ముందే కట్టె పాతి చూపించండి.

చక్రం ట్రాక్టరుకు తగినదై ఉండాలి. చిన్న ట్రాక్టరుకు పెద్ద ట్రాక్టరు చక్రం వేస్తే ఇరుసు మీద భారం పడుతుంది. బోల్టులన్నీ బిగించి ఉన్నాయా అని అడగండి. మరీ లోతుగా తవ్వే చక్రమూ నష్టమే. దమ్ము కింద గట్టి పొర ఒకటి ఏర్పడుతుంది. మడిలో నీళ్లు నిలిపేది అదే. అది పగిలితే నీళ్లు భూమిలోకి ఇంకిపోతాయి.

రోడ్డు మీద ఇనుప చక్రం వద్దు

ఇనుప పట్టీలు తారు రోడ్డును పొడిచి గుంతలు చేస్తాయి. ఆ రోడ్డు మీదనే మన పిల్లలు బడికి పోవాలి. నిండు చూలాలు ఆసుపత్రికి పోవాలి. రోడ్డు మీద నడిచే మోటారు బండికి గాలి టైర్లు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. కాబట్టి ఇనుప చక్రాలను ట్రాలీలో తేవాలి. పొలం దగ్గరే బిగించాలి. పని అయ్యాక అక్కడే తీయాలి. దీనికి కొంత సమయం పడుతుంది. ఆ సమయానికి కిరాయి ఎట్లనో ముందే మాట్లాడుకుంటే తగాదా రాదు.

దిగబడితే ఏం చేయాలి?

చక్రానికి అడ్డంగా కట్టె కట్టి ఇంజను గట్టిగా పెంచే అలవాటు కొందరికి ఉంది. ఇది చాలా ప్రమాదం. చక్రం కదలకపోతే ఇంజను బలమంతా ట్రాక్టరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. దుంకేటంత సందు కూడా ఉండదు. బండి వెనక్కి తిరగబడి డ్రైవరు మీదనే పడుతుంది.

ముందు ఇంజను వేగం తగ్గించాలి. రోటవేటరు ఆపాలి. మెల్లగా వచ్చిన దారినే వెనక్కి పోయి చూడాలి. రాకపోతే ఇంకో ట్రాక్టరుతో లాగించాలి. తాడు తెగితే కొరడా లెక్క కొడుతుంది. అందరూ దూరం జరగాలి. పిల్లలను ఒడ్డు మీదికి కూడా రానీయవద్దు. మడ్గార్డు మీద ఎవరినీ కూర్చోనీయవద్దు.

డ్రైవరు కూడా ఒక ఇంటి కొడుకే. "తొందర లేదు బిడ్డా, కట్టె కట్టకు" అని ఒక్క మాట చెప్పండి. ఆ మాట ఒక ఇంటిని నిలబెడుతుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి:
1. మీ మడిలో కాలు ఎంత దిగుతుంది?
2. మీ ఊరికి వచ్చే ట్రాక్టరు ఇనుప చక్రాలతోనే రోడ్డు ఎక్కుతుందా?
3. సంఘంలో అందరూ కలిసి డ్రైవర్లకు ఏమని చెప్పవచ్చు?