విషం లేదు, వేషం ఉంది

భీమడోలు వైపు ఇళ్ళ పెరట్లో కరివేపాకు చెట్టు ఉంటుంది. నిమ్మ చెట్టూ ఉంటుంది. వాటి చుట్టూ నల్ల సీతాకోకచిలుకలు తిరుగుతుంటాయి. చూశారా?

కొన్నిటి వెనుక రెక్కల మీద తెల్ల చుక్కల వరుస ఉంటుంది. కొన్నిటికి తెల్ల మచ్చలు, ఎర్ర చుక్కలు ఉంటాయి. ఇవి రెండు జాతులేమో అనిపిస్తుంది. కాదు. రెండూ ఒకటే జాతి. మగవన్నీ తెల్ల చుక్కలవే. ఆడవాటిలో కొన్ని మగవాటిలాగే ఉంటాయి. మిగతా ఆడవాటికే ఎర్ర చుక్కలు.

ఈ ఎర్ర చుక్కలు ఎందుకు?

గాడిదగడపాకు మొక్క మనకు తెలుసు. ఆ ఆకులో విషం ఉంది. ఇంకో జాతి సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు ఆ ఆకు తిని పెరుగుతాయి. విషం వాటి ఒంట్లో నిలిచిపోతుంది. రెక్కలు వచ్చినా పోదు. ఒకసారి దాన్ని రుచి చూసిన పిట్ట మళ్ళీ దాని జోలికి పోదు. ఎర్ర చుక్కలే దానికి గుర్తు.

కరివేపాకు తిని పెరిగినదానికి విషం లేదు. వేషం మాత్రం ఉంది. ఆ వేషం చూసి పిట్ట మోసపోతుంది.

వేషం ఎవరు వేశారు? ఎవరూ వెయ్యలేదు. ఒక తల్లి పిల్లలందరూ ఒక్కలా ఉండరు గదా! ఎప్పుడో కొన్నిటి రెక్కలు విషపు రకాన్ని కాస్త పోలి వచ్చాయి. పిట్టలు వాటిని వదిలేసి మిగతావాటిని ఎక్కువగా తిన్నాయి. బతికినవి గుడ్లు పెట్టాయి. తరతరాలుగా పోలిక బాగా కుదిరింది. దీన్నే పరిణామం అంటారు. అయితే వేషం వేసినవి మరీ ఎక్కువైతే పిట్టలకు గుట్టు తెలిసిపోతుంది.

రెక్క పట్టుకుంటే వేలికి పొడి అంటుతుంది. అది పొడి కాదు, సన్నని పొలుసులు. ఇంటి మీద పెంకుల్లాగా అవి రెక్కంతా పరిచి ఉంటాయి. వాటి రంగులే మనకు చుక్కలుగా కనిపిస్తాయి.

తల్లిదండ్రుల పోలిక జన్యువుల ద్వారా పిల్లలకు వస్తుంది. ఈ వేషం వెనుక ఉన్న జన్యువును 2014లో బెంగళూరు శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి కనిపెట్టారు. ఈ జీవుల్లో ఆడా మగా తేడాలు తెచ్చే జన్యువే అది. అదే ఆడవాటి రెక్కల మీద ఈ రంగులనూ నడిపిస్తుంది.

కరివేపాకు మీద పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. ఆ ఆకు మన కూరలోకే వస్తుంది. చేత్తో ఏరితే చాలు.

పిట్ట మోసపోయినా మనం పోల్చుకోవచ్చు. ఎర్ర చుక్కలది కనిపిస్తే దాని ఒళ్ళు చూడండి. ఒళ్ళు కూడా ఎర్రగా ఉంటే అది విషం ఉన్నది. నల్లగా ఉంటే వేషం వేసినది.