నిషేధం ఒక్కటే చాలదు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఈ విరామం అవసరమే. కానీ అదొక్కటే చాలదు. రొయ్యల కోసం విశాఖ, కాకినాడ రేవుల నుంచి వెళ్లే ట్రాలర్లు సన్నకన్నుల వలను సముద్రపు అడుగున ఈడ్చుకుపోతాయి. పిల్లచేపలు, పీతలు, ఒక్కోసారి ఆలివ్ రిడ్లే తాబేళ్లూ అందులో పడతాయి. ఊపిరికి పైకి రావలసిన తాబేలు వలలోనే చచ్చిపోతుంది. పెరిగితే మంచి ధర పలికే పిల్లచేప కారుచౌకగా దాణా పొడిలోకి పోతుంది. నన్ను ఎక్కువ బాధించేది ఈ నష్టమే.

వల చివరి సంచికి 40 మిల్లీమీటర్ల చదరపు కన్నులుంటే చిన్నవి చాలావరకు తప్పించుకుంటాయి. ఈడ్చేటప్పుడు మామూలు కన్ను ముడుచుకుపోతుంది, చదరపుది తెరుచుకునే ఉంటుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన కమ్మీల చట్రం తాబేలును బయటికి మళ్లించి, రొయ్యలను లోపలికి వదులుతుంది. 'డీజిల్ ఖర్చే రావడం లేదు, దొరికింది కూడా వదలాలా?' అన్న పడవ యజమానుల ప్రశ్న న్యాయమైనదే. కొంత సరుకు తప్పించుకుపోతుంది, నిజమే. అయితే తాబేళ్లకు రక్షణ చాలడం లేదని అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపేసింది. ఆ నష్టాన్నీ లెక్కలో వేయాలి. కొత్త వలల ఖర్చును ప్రభుత్వం పంచుకోవాలి; నిషేధకాలానికి భృతి ఇస్తున్న రాష్ట్రానికి ఇది అసాధ్యమేమీ కాదు.