నెత్తురులో దాగిన లెక్క

తలసేమియా తల్లిదండ్రుల నుంచి జన్యువుల ద్వారా బిడ్డకు వచ్చే రక్తవ్యాధి. ఒంట్లో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. అది తయారు కావడానికి బీటా గ్లోబిన్ అనే ప్రొటీన్ కావాలి. ఆ ప్రొటీన్‌ను ఎలా తయారు చేయాలో చెప్పే జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి మనిషికీ ఆ జన్యువు రెండు ప్రతులుగా వస్తుంది. రెండూ చెడిపోతే బిడ్డకు రక్తం పట్టదు. పుట్టినప్పుడు మాత్రం ఏ తేడా కనిపించదు. కడుపులో ఉన్నప్పుడు పనిచేసే గామా గ్లోబిన్ అనే మరో జన్యువు పుట్టాక కూడా కొన్ని నెలలు ఆదుకుంటుంది. అది క్రమంగా నిద్రలోకి జారుకుని, బీటా జన్యువు పని అందుకోవాల్సిన వేళకు జబ్బు బయటపడుతుంది. బిడ్డ పాలిపోతుంది, పాలు సరిగా తాగదు, ప్లీహం పెరిగి పొట్ట ఉబ్బుతుంది. ఈ గామా జన్యువు సంగతి గుర్తుంచుకోవాలి, చికిత్స దగ్గర మళ్లీ దానితో పని పడుతుంది.

శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే దారిలో, అరాంఘర్ చౌరస్తాకు దగ్గరగా, శివరాంపల్లిలో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ కేంద్రం ఉంది. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు, దాతలు కలిసి 1998లో ఈ సంస్థను మొదలుపెట్టారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుంచి వేల మంది పిల్లలు ఇందులో నమోదయ్యారు. తలసేమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి, అదీ జీవితాంతం. వచ్చిన రోజు ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూస్తారు. దాత రక్తాన్ని బిడ్డ రక్తంతో కలిపి సరిపడుతుందో లేదో పరీక్షిస్తారు. ఆ తర్వాత చిన్న చేతికి సూది గుచ్చి, అది కదలకుండా అట్టముక్క పెట్టి ప్లాస్టర్ చుడతారు. సంచిలోని ఎర్రకణాలు చుక్కచుక్కగా దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. పిల్లలు ఆ చేత్తోనే బొమ్మలు ఆడుకుంటారు, హోంవర్కు రాసుకుంటారు.

ఎక్కించిన రక్తంతోనే మరో చిక్కు వస్తుంది. ఒక్కో యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరుతుంది. అదనపు ఇనుమును బయటికి పంపే మార్గం మనిషి శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. ఒకప్పుడు దాన్ని తీసేందుకు రాత్రంతా చర్మం కింద సూదితో పంపు పెట్టుకుని పడుకోవలసి వచ్చేది. ఇప్పుడు డిఫెరాసిరాక్స్ మాత్రలు వచ్చాయి. వాటిని రోజూ మానకుండా వేసుకున్న పిల్లలు చదువుకుని, ఉద్యోగాలు చేసి, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు.

ఈ బిడ్డల తల్లిదండ్రులకు ఏ జబ్బూ ఉండదు. వారిలో ఒక ప్రతి చెడినా రెండోది బాగుండడంతో ఆ లోపం బయటపడదు. ఇలాంటివారిని వాహకులు అంటారు, ఆసుపత్రిలో వినిపించే మాట మాత్రం ‘క్యారియర్’. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు బీటా తలసేమియా వాహకులని అంచనా. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. చాలా ఇళ్లలో ఇక్కడే పొరబడతారు. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ భయం లేదనుకుంటారు. ఇది పంచిపెట్టే లెక్క కాదు. బొమ్మాబొరుసు ఆటలో నిన్న బొమ్మ పడిందన్న సంగతి నాణేనికి గుర్తుండదు. ప్రతి కాన్పుకూ పందెం కొత్తగానే మొదలవుతుంది.

వాహకులను గుర్తించడం కష్టమేమీ కాదు. మామూలు రక్తపరీక్షలో ఎర్రకణాలు ఉండాల్సిన దానికన్నా చిన్నవిగా కనిపిస్తే అది మొదటి సూచన. తర్వాత హెచ్‌పీఎల్‌సీ అనే పద్ధతిలో హిమోగ్లోబిన్ ఏ2 ఎంతుందో చూస్తారు. అది 3.5 శాతం దాటితే ఆ మనిషి సాధారణంగా వాహకుడే. ఇనుము తక్కువైనప్పుడు కూడా ఎర్రకణాలు చిన్నవవుతాయి కనుక, గర్భిణికి రక్తం తక్కువుందని నెలల తరబడి ఐరన్ మాత్రలు ఇస్తూ పోతే అసలు సంగతి మరుగున పడిపోతుంది. పరీక్ష మూడో నెలలోపే జరగాలి. తల్లి వాహకురాలని తేలితే వెంటనే తండ్రికీ చేయాలి. ఇద్దరూ వాహకులైతే 10 నుంచి 12 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి గాని, 16 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి గాని బిడ్డ డీఎన్ఏ చూడవచ్చు. మన దేశంలో కనిపించే బీటా తలసేమియా మార్పుల్లో చాలా భాగం ఐదారు రకాలే కావడంతో వెతకడం తేలిక. బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని తేలితే 24 వారాల వరకు గర్భస్రావానికి 2021 చట్ట సవరణ వీలు కల్పించింది. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ దంపతులే తేల్చుకోవాలి. డాక్టరు చేయవలసింది లెక్కను దాచకుండా, భయపెట్టకుండా చెప్పడం.

ఒక ఇంట్లో వాహకులు తేలితే వారి తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి. మేనరికాలు చేసుకునే తెలుగు ఇళ్లలో ఇది మరీ అవసరం. ఒక ఉదాహరణ చూస్తే విషయం తెలుస్తుంది. వాహకుడైన యువకుడు బయటి సంబంధం చేసుకుంటే, ఆ అమ్మాయి కూడా వాహకురాలయ్యే అవకాశం నూటికి మూడు నాలుగు. అతను సొంత అక్క కూతుర్ని చేసుకుంటే? అతనికి వచ్చిన లోపమే అక్కకూ వచ్చి ఉండే అవకాశం సగం. అక్క నుంచి కూతురికి చేరే అవకాశం అందులో సగం. అంటే నూటికి ఇరవై ఐదు. ఆస్తి చీలకూడదనో, పిల్ల కళ్లముందే ఉంటుందనో కలుపుకునే సంబంధానికి ఈ లెక్క కూడా తోడవుతుంది.

మన్యంలో ఇదే జన్యువుకు వచ్చిన మరో మార్పు కనిపిస్తుంది. బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలిలా వంగుతుంది. అదే సికిల్ సెల్ వ్యాధి. వంగిన కణాలు సన్నటి రక్తనాళాల్లో చిక్కుకుంటే భరించలేని ఒళ్లునొప్పులు వస్తాయి. ఒక ప్రతి మాత్రమే మారినవారికి మలేరియా ప్రాణాంతకం కాకుండా కొంత రక్షణ ఉంటుంది. అందుకే దోమల అడవుల్లో ఈ మార్పు తరతరాలుగా నిలిచింది. ఆదిలాబాద్ గోండుల్లో, గోదావరి పరీవాహకంలోని కోయల్లో ఇది కనిపించేది ఇందుకే. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది, వ్యాధి నిర్మూలనకు గడువు 2047. హైడ్రాక్సీయూరియా అనే చవకైన మాత్ర ఈ నొప్పులను బాగా తగ్గిస్తుంది. పరీక్ష చేసి కార్డు చేతికిస్తే సరిపోదు, ఆ మాత్ర ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో నెలనెలా దొరకాలి.

దగ్గరి చుట్టరికం లేని పెళ్లిళ్లలోనూ ఇలాంటి జబ్బులు ఎందుకు వస్తాయన్న ప్రశ్నకు హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ పరిశోధన జవాబిచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి 2009లో ఫలితాలు వెల్లడించారు. ఒక కులంలో ఇప్పుడు లక్షల మంది ఉండవచ్చు. వారంతా ఒకప్పటి కొద్దిమంది మూలపురుషుల నుంచి వచ్చి, తరతరాలుగా లోలోపలే పెళ్లిళ్లు చేసుకుంటే, ఆ కొద్దిమందిలో ఎవరో ఒకరికి ఉన్న లోపం వంశమంతా పాకుతుంది. 2017లో వచ్చిన తర్వాతి అధ్యయనంలో దక్షిణాసియాలోని 263 సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఈ ప్రభావం ఫిన్లాండ్ ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా బలంగా ఉంది.

తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ వైశ్యులది. సర్జరీకి ముందు కండరాలను సడలించేందుకు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. ఒంట్లోని ఒక ఎంజైమ్ దాన్ని నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే బీసీహెచ్ఈ జన్యువులో లోపం ఇతరులకన్నా వైశ్యుల్లో సుమారు వంద రెట్లు ఎక్కువ. అలాంటి మనిషికి ఆ మందు ఇస్తే ఊపిరి తీసే కండరాలు కూడా గంటల తరబడి కదలవు. ఆపరేషన్ ముగుస్తుంది, మనిషి మాత్రం తనంతట తాను ఊపిరి తీసుకోడు. వెంటిలేటర్ మీద ఉంచితే మందు ప్రభావం దిగి కోలుకుంటాడు. అందుకే మత్తు డాక్టర్లు వైశ్యులా అని ముందే అడుగుతారు. ఆ ప్రశ్నలో కుల వివక్ష లేదు, ప్రాణం మీద శ్రద్ధే ఉంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం, ఊపిరి అందుకోవడం ఆలస్యమైందంటే ఆ సంగతి చెప్పి తీరాలి. రక్తంలో ఆ ఎంజైమ్ ఎంతుందో పరీక్షించి వేరే మందు వాడితే చాలు.

లోపం ఉందనడానికీ జబ్బు వస్తుందనడానికీ మధ్య చాలా దూరం ఉండవచ్చు. సీసీఎంబీ 2009లోనే వెల్లడించిన మరో విషయం దీన్ని చూపిస్తుంది. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు భారత ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉంది. ఇది ఉన్నవారికి గుండె బలహీనపడే ముప్పు ఎక్కువ. అయినా చాలామంది నడివయసు దాకా ఏ ఇబ్బందీ లేకుండా గడుపుతారు. పిల్లల్ని కనే వయసు దాటాకే హాని చేస్తుంది కాబట్టి వేల ఏళ్లుగా ప్రకృతి వడపోతకు దొరకలేదు. షుగరు, బీపీ లాంటివైతే వందల జన్యువుల చిన్నచిన్న ప్రభావాలు తిండితో, నిద్రతో, ఒళ్లు కదలని బతుకుతో కలిసి వచ్చేవి. ఇంటికి కిట్ పంపి, ఉమ్మి సేకరించి, ముప్పు ఎంతో శాతాల్లో చెప్పే నివేదికలను ఈ ఎరుకతోనే చదవాలి. ఆ లెక్కలకు ఆధారమైన ప్రపంచ సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ సంతతి వారిది. అవి మనకు యథాతథంగా అతకవు. ఆ లోటు తీర్చేందుకే సీసీఎంబీ సహా దేశంలోని పలు సంస్థలు కలిసి జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 10,000 మంది భారతీయుల జీనోమ్‌లు చదివాయి. ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

చికిత్స విషయానికొస్తే, తలసేమియాను చాలాకాలం నయం చేయగలిగింది ఎముక మూలుగ మార్పిడి ఒక్కటే. తోబుట్టువు మూలుగ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. చిన్న వయసులోనే చేస్తే ఫలితం బాగుంటుంది. దీనికి కోల్ ఇండియా 2017 నుంచి బాల్ సేవా యోజన కింద అర్హులైన పేద పిల్లలకు 10 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. తలసేమియాకు 2023 చివర్లో బ్రిటన్, 2024 జనవరిలో అమెరికా ఆమోదించిన క్యాస్‌జెవీ మరో దారి పట్టింది. రోగి మూలకణాలనే బయటికి తీసి, క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ఒకచోట కత్తిరించి తిరిగి ఎక్కిస్తారు. కత్తిరించేది చెడిన బీటా జన్యువును కాదు, పుట్టాక గామా జన్యువును నిద్రపుచ్చే స్విచ్‌ను. అది తెగితే కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. కొత్త కణాలకు చోటు కోసం ముందు బలమైన కీమోథెరపీతో పాత మూలుగను ఖాళీ చేయాలి. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. ఢిల్లీలోని సీఎస్ఐఆర్ సంస్థ ఐజీఐబీ, సికిల్ సెల్ కోసం ఇలాంటి చికిత్సను మనకు అందే ధరలో తేవడానికి పనిచేస్తోంది.

అది వార్డు దాకా వచ్చేవరకు శివరాంపల్లి లాంటి కేంద్రాలకు కావలసింది రక్తమే. ఎండాకాలంలో కాలేజీలకు సెలవులిస్తే రక్తదాన శిబిరాలు తగ్గుతాయి, నిల్వలు అడుగంటుతాయి. బిడ్డకు రక్తం ఎక్కించాల్సిన రోజు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి తప్పకుండా వస్తుంది.