విమానం లేవక ముందు మబ్బుల కబురు

పెద్దపంజాణి: కళ్లంలో వేరుశనగ కాయ ఆరబోసిన రైతు పొద్దున లేవగానే ఆకాశం చూస్తాడు. మబ్బు కనిపిస్తే పట్టలు వెతుక్కుంటాడు. మన నెత్తిన బెంగుళూరు, చెన్నైల మధ్య తిరిగే విమానాల పైలట్లదీ ఇదే పని. కాకపోతే వాళ్లకు ఆకాశం చూసి చెప్పడానికి సర్కారు మనుషులున్నారు.

1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు విమానాశ్రయాల్లో కార్యాలయాలున్నాయి. పెద్ద విమానాశ్రయాల్లో అరగంటకొకసారి గాలి ఎటునుంచి వీస్తున్నదీ, ఎంత దూరం కనిపిస్తున్నదీ, మబ్బు ఎంత ఎత్తున ఉన్నదీ రాస్తారు. ఆకాశాన్ని ఎనిమిది పాళ్లు చేసి ఎన్ని పాళ్లు కప్పిందో లెక్క కడతారు. రూపాయికి ఇన్ని అణాలన్నట్టే. ఆ చీటీ మన చేతికిస్తే ఒక్క ముక్క అర్థం కాదు. అంతా పొట్టి అక్షరాలు, అంకెలు. వేళ కూడా మనది కాదు. మనకు పొద్దున ఎనిమిదిన్నరైతే చీటీ మీద మూడు గంటలుంటుంది. ప్రపంచంలో ఏ పైలట్ అయినా ఒకేలా చదువుకోవాలని ఈ ఏర్పాటు.

బయలుదేరే చోటు, దిగే చోటు, దారిలో పై గాలులు, ఉరుముల మబ్బులు అన్నీ చూసుకున్నాకే పైలట్ ప్రయాణ పథకం రాసిస్తాడు. ఏ దారి, ఎంత ఎత్తు, ఎన్ని గంటలకు సరిపడా ఇంధనం, అనుకున్నచోట దిగలేకపోతే మరెక్కడ దిగేది, అన్నీ అందులో ఉంటాయి. విమానం వేళకు చేరకపోతే వెతకడానికి ఆ కాగితమే ఆధారం.

ఇదంతా మనకెందుకని అడిగేవారున్నారు. 2009 సెప్టెంబరు 2 గుర్తు చేసుకోవాలి. చిత్తూరు జిల్లా అనుపల్లిలో రచ్చబండ ప్రారంభించడానికి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉదయం 8.38కి హైదరాబాదు బేగంపేట నుంచి హెలికాప్టర్‌లో బయలుదేరారు. మన వైపే వస్తూ నల్లమల మీద జాడ తెలియకుండా పోయారు. మర్నాడు గానీ శకలాలు కనిపించలేదు. ఇద్దరు పైలట్లతో సహా ఐదుగురూ మరణించారు. ఉరుముల మబ్బులో కిందికి తోసే బలమైన గాలికి చిక్కి అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. అంతకు ముందు కొన్ని నిమిషాలు పైలట్ల దృష్టి చమురు ఒత్తిడి చూపే సూచిక మీదికి పోయిందని కూడా చెప్పింది.

విమానాశ్రయంలో అయితే చూసి రాసే మనిషి ఉంటాడు. నడి అడవి మీద ఎవరుంటారు? అక్కడ ఉపగ్రహం తీసిన బొమ్మలు, రాడార్లే దిక్కు. వానాకాలపు మబ్బు గంటలో ఊరంత పెరుగుతుంది, చేతిలో చీటీ పాతబడిపోతుంది. ఇప్పుడు ఈ సమాచారం పైలట్లకు కంప్యూటర్‌లోనూ అందుతున్నది. దారిలో గాలి దుడుకుగా తగిలిన పైలట్ ఆ సంగతి రేడియోలో కిందికి చెప్పాలి, కిందివాళ్లు వెనక వచ్చేవాళ్లకు చెప్పాలి. ముందు పోయిన బండివాడు వంక పారుతోందని కేకేస్తే వెనక బండి గట్టునే ఆగినట్టు.