శీతకాలమున కొండదారిలో మోటారు సైకిలు ప్రయాణము

మార్గశిర, పుష్య మాసములలో మోటారు సైకిలుపై కొండలకు పోయి సాయంత్రమునకు ఇల్లు చేరు వాడుక నేటి యువజనులలో పెరిగినది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి ఇట్టివారికి ప్రీతిపాత్రమైన చోటు. సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తుననున్న ఈ గ్రామమును శీతకాలపు ఉదయములందు పొగమంచు కప్పియుండును. అచ్చటినుండి చింతపల్లి, పాడేరుల వైపు పోవు దారుల వెంట కాఫీ తోటలు, చెట్లకు ప్రాకిన మిరియపు పాదులు కనులపండువు చేయును.

ఇట్టి విహారము మనస్సునకు ఉల్లాసము నిచ్చును. దానిని మానవలసిన పని లేదు. కాని చలి చేయు కీడు ఎట్టిదో ఎరిగి బయలుదేరవలెను. చలి శరీరమును వణికించుటతో ఆగదు. అది బండిని నడుపు చేతిని, దారిని చూచి నిర్ణయించు బుద్ధిని కూడ మందగింపజేయును. చలి ముదిరినకొలది మనిషి తన మందత్వమును తాను గుర్తింపలేడు. అపాయమంతయు ఇందే యున్నది.

చలి ఎట్లు పెరుగును?

ఎత్తునకు పోయినకొలది గాలి చల్లబడును. సాధారణముగా 1,000 మీటర్లు ఎక్కినచో ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గును. కావున నర్సీపట్నములో చాలిన దుస్తులు ఘాటురోడ్డు ఎక్కిన పిదప చాలవు. మబ్బులేని రాత్రులందు బరువైన చల్లగాలి పల్లములలోనికి దిగి నిలిచిపోవును. లంబసింగి, చింతపల్లి ప్రాంతములలో శీతకాలపు రాత్రులందు ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగువకు పోయిన సందర్భములు కలవు.

దీనికి బండి వేగము తోడగును. శరీరమును అంటియుండు వెచ్చని గాలిపొరను ఎదురుగాలి ఎప్పటికప్పుడు ఊడ్చివేయును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలున్నపుడు గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవువాని చర్మమునకు అది 6 డిగ్రీల చలివలె తోచును. 5 డిగ్రీలున్నపుడు సున్నకంటె తక్కువగా తోచును. పొగమంచులో బట్టలు తడిసినచో నష్టము మరింత హెచ్చును. నీరు గాలికంటె అనేక రెట్లు త్వరగా ఒంటి వేడిని లాగివేయును.

చలి శరీరమును లోబరచుకొను విధము

మానవ శరీరపు సహజమైన వేడి సుమారు 37 డిగ్రీలు. గుండెను, మెదడును కాపాడుకొనుటకై శరీరము మొదట చేతులకు, కాళ్లకు పోవు రక్తమును తగ్గించును. అందువలన వ్రేళ్లు ముందుగా మొద్దుబారును. బ్రేకును, క్లచ్చిని పట్టునవి ఆ వ్రేళ్లే. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోవును. బ్రేకు పట్టుటలో ఒక్క సెకను ఆలస్యమైనను, మలుపులో ఆ 11 మీటర్లు లోయ అంచుకో, ఎదురు వచ్చు బస్సు ముందునకో చేర్చగలవు.

పిదప వణుకు పుట్టును. లోపలి వేడి 35 డిగ్రీలకు దిగువకు పోయినచో ప్రాణాపాయస్థితి ఆరంభమైనదని తెలియవలెను. మాట తడబడుట, అడుగు తూలుట, గుండీ పెట్టుకొనలేకపోవుట, దేనియందును శ్రద్ధ లేకుండుట దీని గురుతులు. ఒళ్లు వెచ్చబడకయే వణుకు ఆగిపోయినచో తేరుకొన్నాడని భ్రమపడరాదు. అది మరింత చెడుగురుతు.

కావున అరగంటకొకమారు బండి నిలిపి దిగవలెను. బొటనవ్రేలి కొనను చిటికెనవ్రేలి కొనకు తాకించి చూడవలెను. అది చేతగానిచో ఆ చేతితో బండి నడుపరాదు. వెనుక కూర్చున్నవారు ముందువానితో మాటలాడుచు, అతని జవాబు తీరును కనిపెట్టుచుండవలెను. అతడు “నాకేమియు లేదు, పోదము” అన్నను, గురుతులు కనబడినచో బండిని ఆపించవలెను.

బయలుదేరుటకు ముందు

తెల్లవారుజాము మంచును చూడగోరి పలువురు విశాఖపట్నమునుండి అర్ధరాత్రివేళ బయలుదేరుచున్నారు. నూరు కిలోమీటర్లకు పైబడిన ఆ దారిని నిద్రలేక, చలి మిక్కుటముగా నుండు వేళలో, పొగమంచు నడుమ దాటుట మూడు అపాయములను ఒక్కచోట కూర్చుకొనుటయే. ముందునాటి సాయంత్రమే కొండ దిగువకు చేరి నిదురించుట, లేదా ప్రొద్దు పొడిచిన పిదప ఘాటు ఎక్కుట మేలు. డిసెంబరులో సాయంత్రము అయిదున్నర ప్రాంతమున ప్రొద్దు గ్రుంకును; లోయలలో అంతకు ముందే చీకటి పడును. మధ్యాహ్నము మూడు గంటలకే తిరుగుముఖము పట్టవలెను. పోవు దారిని, తిరిగివచ్చు వేళను ఇంటిలో చెప్పవలెను.

ఒక దళసరి బట్టకంటె రెండు మూడు పలుచని బట్టలు ఒకదానిపై నొకటి వేసికొనుట మేలు. వాని నడుమ నిలిచిన గాలియే వెచ్చదనము నిచ్చును. అన్నిటికి పైన గాలి చొరనిది ఒకటి యుండవలెను. అది లేనివారు రొమ్ముపై వార్తాపత్రికల మడతలను చొక్కా లోపల ఉంచుకొన్నను కొంత ఆదుకొనును. చేతి తొడుగులు, మేజోళ్లు, పొడి బట్టల జత ఒకటి తప్పనిసరి. చీర కొంగు, ఓణీ, మఫ్లరు చివరలు చక్రములో చిక్కకుండ దోపుకొనవలెను.

ముందువారికిని, వెనుకవారికిని హెల్మెట్ ఉండితీరవలెను. అది ప్రమాదములో మరణమును సుమారు 42 శాతము, తలగాయములను సుమారు 69 శాతము తగ్గించునని పరిశోధనలు తేల్చినవి. ఖాళీ కడుపుతో బయలుదేరరాదు. బెల్లము, వేరుసెనగ ఉండలు దారిలో మంచి ఆహారము.

దారిలో

పొగమంచులో దీపపు వెలుగును క్రిందికి దించవలెను. పైకెత్తిన వెలుగు మంచుపై చెదరి కన్నులనే కప్పును. తడిసిన ఆకులు, కంకర, బురద గల చిన్న దారులలో మలుపునకు ముందే వేగము తగ్గించవలెను. దిగుడున తక్కువ గేరులో దిగవలెను. సంతరోజులలో తలపై మూటలతో నడచు గిరిజనులకు, పశువులకు దారి నీయవలెను. హిమాలయ ప్రాంతములకు పోవు తెలుగువారు మరొక సంగతి ఎరుగవలెను: ఎండ తగలని మలుపులలో రోడ్డుపై కంటికి కానరాని మంచుపొర గట్టియుండును. ఎండ బాగుగా పడువరకు అచ్చట బండి నడుపరాదు.

మద్యము వెచ్చదనము నిచ్చునను నమ్మకము తప్పు. అది చర్మపు రక్తనాళములను విప్పార్చును. వెచ్చగా నున్నట్లు తోచుచుండగనే లోపలి వేడి బయటికి పోవును, బుద్ధియు చెడును.

చలి సోకినవారికి సహాయము

రోగిని గాలి తగలని చోటికి చేర్చవలెను. తడిబట్టలు తీసి పొడిబట్టలు తొడిగి, తలతోకూడ దుప్పటి కప్పవలెను. నేలపై మందమైన పరుపో, గడ్డియో వేయవలెను. మొదట రొమ్మును, కడుపును వెచ్చజేయవలెను. చేతులను, కాళ్లను రుద్దరాదు. నెగడు దగ్గరగా కాచరాదు. తెలివిగలిగి మ్రింగగలిగినచో వెచ్చని తీపి టీ ఇయ్యవచ్చును. మాట తడబడుచున్నను, తెలివి తప్పుచున్నను 108కో, 112కో ఫోను చేసి ఆలస్యము లేక ఆసుపత్రికి చేర్చవలెను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎన్నడును ఉంచరాదు. దాని విషవాయువునకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణము తీయును.

కొండ ఎక్కడికిని పోదు. మంచు మరునాడును కురియును. చేతులు మొద్దుబారినపుడు బండి నిలిపి, ఎండ వచ్చువరకు టీ అంగడి వద్ద కూర్చుండుట పిరికితనము కాదు. సాయంత్రమునకు ఇంటివారి ముఖములను చూడగోరువాడు చేయవలసిన పని అదియే.