ముగ్గు చెరగకుండా... చుక్క మార్చాలి!

రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని కొండకల్‌ పేరు మొన్నమొన్నటిదాకా బయటివాళ్లకు పెద్దగా తెలియదు. 2020 ఆగస్టు 13న మేధా సంస్థ రైలు పెట్టెల కర్మాగారానికి అక్కడ శంకుస్థాపన జరిగింది. 2023 జూన్‌ 22న అది ప్రారంభమైంది. పొలాల మధ్య రైలు పెట్టెలేమిటని అప్పట్లో చాలామంది వింతగా చెప్పుకున్నారు.

రైలు పెట్టె అంటే మనకు కనిపించేవి సీట్లూ కిటికీలే. వాటి వెనక బ్రాకెట్లు, హౌసింగ్‌లు, తలుపు కదిలే భాగాలు... ఇలాంటివి ఎన్నో ఉంటాయి. వాటిలో చాలా భాగాలు పుట్టేది కంప్యూటర్‌ తెరమీదే. అక్కడ గీసిన త్రీడీ బొమ్మే క్యాడ్‌ మోడల్‌. ఆ బొమ్మను చూసి కట్టర్‌ ఎటునుంచి ఎటు వెళ్లాలో, ఎంత లోతు కోయాలో దారి వేసేది క్యామ్‌ ప్రోగ్రామర్‌. ఆ దారినే టూల్‌పాత్‌ అంటారు. కష్టమైన భాగమైతే ఒక్కదానికి దారి వేయడానికే రెండు మూడు రోజులు పడుతుంది.

అంతా అయ్యాక సాయంత్రం కస్టమర్‌ దగ్గర్నుంచి మెయిల్‌ వస్తుంది. 'చిన్న మార్పండీ... ఒక రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపాం. కొత్త ఫైలు పంపుతున్నాం.'

మార్పు చిన్నదే. కానీ ప్రోగ్రామర్‌ గుండె గుభేలుమంటుంది.

ఎందుకంటారా? ముంగిట్లో ముగ్గు గుర్తుచేసుకోండి. చుక్కలు పెట్టి, వాటిని ఆధారం చేసుకుని గీతలు కలుపుతాం. ఎవరో వచ్చి మొత్తం చుక్కలు తుడిచి, ఒక్క చుక్క జరిపి, మళ్లీ అన్నీ పెట్టారనుకోండి. మన కంటికి పాత చుక్కలే. కంప్యూటర్‌కు మాత్రం కాదు. అది ప్రతి అంచుకూ, ప్రతి తలానికీ లోపల్లోపల ఓ గుర్తింపు ఇచ్చుకుంటుంది. టూల్‌పాత్‌ ముడిపడి ఉండేది ఆ గుర్తింపుతోనే. పాత మోడల్‌ తీసేసి కొత్తది తెచ్చిపెట్టగానే ఆ ముడులు తెగిపోతాయి. మూడు రోజుల పని తెరమీద ఎర్రటి హెచ్చరికల వరసగా మిగులుతుంది.

బయటినుంచి వచ్చే ఫైళ్లతోనే ఈ చిక్కు ఎక్కువ. ఒక సాఫ్ట్‌వేర్‌లో గీసింది మరోదాంట్లో తెరవాలంటే మధ్యలో ఉమ్మడి భాష కావాలి. 1994లో వచ్చిన స్టెప్‌ అనే అంతర్జాతీయ ప్రమాణం అలాంటిదే. అది ఆకారాన్ని చక్కగా మోసుకొస్తుంది. ముందేం గీశారు, తర్వాతేం కోశారు అన్న చరిత్ర మాత్రం సాధారణంగా రాదు. వండిన కూర వస్తుంది, వండిన తీరు రాదన్నమాట!

తెలిసినవాళ్లు పాతదాన్ని తీసేయరు. దాని స్థానంలోనే కొత్తదాన్ని మార్పిడి చేస్తారు. ఈ సౌకర్యమున్న సాఫ్ట్‌వేర్‌ రెండింటినీ పోల్చి, ఆకారం, స్థానం కలిసిన తలాలకు పాత ముడులు మళ్లీ వేస్తుంది. కలవనివాటిని విడిగా చూపిస్తుంది. నలభై దారుల్లో మూడు తెగితే ఆ మూడూ సరిచేసుకుంటే సరిపోతుంది. అంతకన్నా ముందుచూపున్నవాళ్లు జీరో పాయింట్‌ను, కట్టర్‌ దాటకూడని హద్దులను కస్టమర్‌ బొమ్మ అంచులకు కట్టరు. తామే విడిగా గీసుకుంటారు. చుక్కలు ఎవరు తుడిచినా అవి చెక్కుచెదరవు.

అసలు భయం తెగిన ముడులతో కాదు. తప్పుగా పడిన ముడులతో! పక్కపక్కనే ఒకేలాంటి రంధ్రాలు రెండుంటే, ఒకదాని దారి రెండోదానికి అతుక్కునే ప్రమాదముంది. తెరమీద హెచ్చరిక ఏదీ కనిపించదు. రాత్రి షిఫ్టులో ఆపరేటర్‌ బటన్‌ నొక్కాక... కట్టర్‌ విరగొచ్చు, స్పిండిల్‌ దెబ్బతినొచ్చు, ఖరీదైన లోహపు దిమ్మ తుక్కులోకి పోవచ్చు. నష్టం వేలల్లో మొదలై లక్షల దాకా పోతుంది. చిన్న వర్క్‌షాపుకు అది ఒక నెల జీతాల సొమ్ము.

యంత్రానికి అంకెలతో దారి చెప్పాలన్న ఆలోచన అమెరికాలో హెలికాప్టర్‌ రెక్కల పనిలో జాన్‌ పార్సన్స్‌కు వచ్చింది. 1952లో ఎంఐటీలో చిల్లుల టేపు ఆదేశాలతో మిల్లింగ్‌ యంత్రాన్ని నడిపి చూపించారు. మన బాలానగర్‌లో సెంట్రల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ టూల్‌ డిజైన్‌ మొదలైంది 1968లో. టూల్‌రూమ్‌ పనిని పాఠంగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇప్పటికీ అదో పెద్ద బడి.

ఇన్ని తెలివితేటలొచ్చినా మార్పు తర్వాత చేసే పని మాత్రం పాతదే. ముందు పాత, కొత్త మోడళ్లను ఒకదానిమీద ఒకటి పెట్టి తేడాలు చూడాలి. కస్టమర్‌ చెప్పిన రంధ్రమే కాదు, చెప్పడం మరిచిన మూల వంపు కూడా అక్కడే దొరుకుతుంది. ఇలాంటివి తక్కువేం కాదు! తర్వాత దారులన్నీ మళ్లీ లెక్కకట్టించి, తెరమీద ఉత్తుత్తి కోత నడిపిస్తారు. ఫైలు పేరు చివర రివిజన్‌ నంబర్‌ మారుస్తారు. యంత్రం దగ్గర కట్టర్‌ను దిమ్మకు అందనంత ఎత్తులో గాల్లోనే తిప్పి చూస్తారు. ఆపరేటర్‌ వేలు ఆపే బటన్‌ మీదే ఉంటుంది. ఫస్ట్‌ పీస్‌ కొలతలు సరిపోయాకే రెండో దిమ్మ వైస్‌లోకి ఎక్కుతుంది.